జెనిఫర్ తూచిన మందు

బుధవారం సాయంత్రం గరాజ్‌లో బల్ల మీద ఒక్కటే మందు డబ్బా ఉంది. రెండోది కనిపించకూడదు. ఈ విషయంలో జయరాజు ఎవరి మాటా వినడు. ఒకదాని మూత బిగించి బీరువాలో పెట్టి తాళం వేశాకే ఇంకోటి బయటికి వస్తుంది. తుపాకీ మందులన్నీ చూడటానికి ఒకేలా, విరిగిన పెన్సిల్ ముల్లు ముక్కల్లా నల్లగా ఉంటాయి. కలిసిపోతే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు.

చెక్క పలకలో తొలిచిన గుంటల్లో ఇరవై ఇత్తడి తొడుగులు నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. అన్నీ కడిగి, కొలిచి, పెరిగిన అంచులు కోసి, అడుగున మందుని అంటించే కొత్త ప్రైమర్లు నొక్కిపెట్టినవి. త్రీ హండ్రెడ్ సావేజ్ అనే ఈ తూటా వందేళ్ళ కిందటిది. మెడ పొట్టి. గుండుకి పట్టు తక్కువ కాబట్టి పైన బిగించేటప్పుడు చెయ్యి తిన్నగా ఉండాలి. ఇప్పుడు షాపుల్లో దాదాపుగా దొరకదు. పాత తుపాకీ ఉన్నవాళ్ళు కాల్చిన తొడుగులు ఏరుకొచ్చి మళ్ళీ నింపుకోవాల్సిందే.

త్రాసు ముందు జెనిఫర్ కూర్చుంది. బయోకెమిస్ట్రీ డిగ్రీ అయి ఐదు నెలలైంది. ఇంకా ఉద్యోగం లేదు.

"ఫార్టీ పాయింట్ వన్, డాడీ."

"తీసెయ్."

"పాయింట్ వన్ ఏ కదా. ఏమవుతది?"

"ఏమీ అవదు. తీసెయ్."

జెనిఫర్ నవ్వి, పటకారుతో నాలుగైదు నల్లముక్కలు తీసి డబ్బాలో వేసింది. త్రాసు ముల్లు గీత మీద నిలిచింది. నలభై గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ అంటే గురిగింజ బరువులో సగం. అందులో పదో వంతు కోసం తండ్రి ఇంత పట్టుబట్టడం ఆమెకి వింత కాదు. కాలేజీ ల్యాబ్‌లో ఆమె చెయ్యి స్థిరంగా ఉంటుందని పేరు తెచ్చింది ఈ బల్లే. పదమూడో ఏట నుంచి తండ్రి పక్కన ఇదే పని చేస్తోంది. ఆమె తూచి అందిస్తే, జయరాజు గరాటుతో తొడుగులో పోసి, టార్చిలైటు వేసి ఇరవై నోళ్ళలోకీ వంగి చూస్తాడు. మందు అన్నింట్లో ఒకే ఎత్తులో ఉంటేనే గుండు బిగిస్తాడు.

ఏడింటికి రాకేష్ వచ్చాడు. చేతిలో పొడుగాటి సంచీ. ఎవరో ముసలాయన పోయాక ఆ ఇంటి సామాను అమ్ముతుంటే ముచ్చటపడి కొన్న, కింది పిడి లాగితే తూటా ఎక్కే లీవర్ రైఫిల్ అందులో ఉంది. కొన్న తర్వాతే తెలిసింది దానికి తూటాలు దొరకవని. అమెరికాలో వాళ్ళుండే ఊరు బాతెల్‌లో వేట సామాను అమ్మే షాపులో జయరాజు తుపాకుల కౌంటర్ చూస్తాడు. అక్కడికి వచ్చి అడిగాడు. ఒకరి కోసం ఇంకొకరు తూటాలు నింపకూడదని, ఎవరి తుపాకీకి వాళ్ళే నింపుకోవాలని, పదకొండేళ్ళుగా అందరికీ చెప్పినట్టే జయరాజు అతనికీ చెప్పాడు. మాటల్లో రాకేష్ ఒక మందుల కంపెనీలో క్వాలిటీ డైరెక్టర్ అని తెలిసింది. ఆ కంపెనీ ల్యాబ్‌కి జెనిఫర్ రెండుసార్లు అప్లై చేసింది. ఆ రాత్రి జయరాజుకి నిద్ర పట్టలేదు. మర్నాడు తనే ఫోన్ చేసి, తీసుకురండి సార్, చూద్దాం అన్నాడు.

"బాబోయ్, ఇది గరాజా, ఫార్మా ప్లాంటా?" అన్నాడు రాకేష్ బల్ల చుట్టూ చూస్తూ.

"తూకమంతా మా జెనిఫరే సార్. నా కళ్ళ మీద నాకు అంత నమ్మకం లేదు. తన చెయ్యి పడితే తేడా రాదు. మీ ల్యాబ్‌కి కూడా అప్లై చేసింది."

జయరాజు ఈ మాట అనడానికి వారం నుంచి సిద్ధమవుతున్నాడు. అన్నాక జెనిఫర్ వైపు చూడలేకపోయాడు. ఆమె తల వంచుకుని త్రాసు సరిచేస్తూ కూర్చుంది.

"అవునా? ఏ రోల్‌కి అప్లై చేశావమ్మా?"

"క్యూసీ అనలిస్ట్, అంకుల్."

"మండే మా హైరింగ్ మీటింగ్ ఉంది. నీ రెజ్యూమే నాకు ఫార్వర్డ్ చెయ్యి. నేను పుష్ చేస్తా."

జయరాజు పెట్టెలో పెట్టే చీటీ రాస్తున్నాడు. తేదీ, మందు పేరు, బరువు, గుండు బరువు, తొడుగు ఎన్నోసారి నింపినదో, చివర తూచినవాళ్ళ పేరు. చేత్తో నింపే ప్రతివాడూ రాసే చీటీయే. చివరి గీత మీద మామూలుగా ఒక పొడి అక్షరం వేసేవాడు. ఇవాళ 'జెనిఫర్ జయరాజు' అని పూర్తిగా రాసి, పెట్టె మూత లోపల అతికించాడు. రాకేష్ అది చదివి, "భలే, డాక్యుమెంటేషన్ కూడానా?" అని మెచ్చుకున్నాడు.

మరునాడు జయరాజు సెలవు పెట్టి, రాకేష్ రైఫిల్‌ని గురి చూసుకునే రేంజ్‌కి తీసుకెళ్ళాడు. ముందు ఇసుక సంచి, వెనక ఇసుక సంచి. వంద గజాల్లో కాగితం. ఐదు కాల్చాడు. ఒక్కోదానికీ మధ్య గొట్టం చల్లారేదాకా ఆగాడు. పక్కన పెట్టిన యంత్రం చూపించిన గుండు వేగాలు ఐదూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. నడిచి వెళ్ళి కాగితం చూస్తే ఐదు చిల్లులూ అరచేతి గుంటలో పట్టేంత చోటులోనే ఉన్నాయి. పాత తుపాకీ, కొత్త మందు, కూతురి చెయ్యి. మూడింటికీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చాక రాకేష్‌కి ఫోన్‌లో ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"నూట యాభై గజాల లోపల అయితే ఎక్కడ చూస్తే అక్కడ తగులుతుంది సార్. అది దాటితే గుండు కిందికి దిగిపోతుంది. ఇది పాతకాలపు తూటా. దూరం వెయ్యొద్దు."

"ఓకే ఓకే. మీరూ వస్తున్నారుగా, పక్కన ఉండి చెబుదురు."

శనివారం తెల్లవారే వేళకి వాళ్ళు కొండలు దాటి ఎల్లెన్స్‌బర్గ్ అవతలి పొడి నేలల్లో ఉన్నారు. రాకేష్, అతని స్నేహితుడు జితేందర్, జయరాజు. ముగ్గురి మీదా చట్టం చెప్పిన నారింజ రంగు చొక్కాలు. రాకేష్‌దీ జితేందర్‌దీ మడత గీతలు పోని కొత్తవి. జయరాజుది ఉతికి ఉతికి వెలిసిపోయింది. ట్రక్కు దిగగానే జితేందర్ ఫ్లాస్క్ విప్పి రెండు కప్పుల్లో టీ పోశాడు. మూడో కప్పు లేదు.

"అంకుల్ మీరు తాగుతరా? అయ్యో, రెండే తెచ్చిన."

"వద్దు బాబూ. కడుపులో నీళ్ళు కదిలితే నడవలేను."

"అంకుల్ అసలైన వేటగాడన్నా. మనం ఉత్త పిక్నిక్ గాళ్ళం."

చలి చెవులు కోస్తోంది. జయరాజు తన రైఫిల్ భుజాన వేసుకుని ముందు నడిచాడు. గాలి ఎటు వీస్తోందో చూసి, ఒక దిబ్బ వెనక ఇద్దరినీ కూర్చోబెట్టాడు. కింద వాగు ఎండిపోయి తెల్లగా ఉంది. అటుగా జింకలు వస్తాయి, నూరు గజాల్లోకి వస్తాయి, ఓపిక పట్టాలి అని గుసగుసగా చెప్పాడు.

ఏడున్నరకి మగజింక ఒకటి వాగు అవతలి గట్టు మీద, సేజ్ పొదల మధ్య నుంచి బయటికి వచ్చింది. తల ఎత్తి నిలబడింది. కొమ్ముల మీద ఎండ పడింది.

"అబ్బ," అన్నాడు జితేందర్. "ఎయ్యన్నా."

"దూరం సార్," అన్నాడు జయరాజు బైనాక్యులర్స్ దించకుండా. "చాలా దూరం. అది ఇటే దిగుతుంది. పది నిమిషాలు ఆగండి."

"పోతదన్నా, పోతది. గీ ఛాన్స్ మళ్ళ రాదు. అంత బిల్డప్ ఇచ్చి ఉత్త చేతులతో పోతమా?"

రాకేష్ లీవర్ లాగాడు. జయరాజు చెయ్యి చాపాడు కానీ అతని మోచేతిని ముట్టుకోలేదు. తుపాకీ పేలింది.

జింక కూలిపోలేదు. ముందుకాలు ఒక్కసారి కింద నుంచి ఎవరో లాగేసినట్టు మడతపడింది. ముక్కు నేలకి కొట్టుకుంది. లేచింది. మూడు కాళ్ళ మీద, నాలుగోది మోకాలి కింద గుడ్డపీలికలా ఊగుతుండగా, గట్టు అవతలికి వెళ్ళిపోయింది.

తర్వాత జితేందర్ నవ్వాడు.

"ఏందన్నా, నీ తూటా టపాకాయ లెక్కుంది. కాలికి తాకిచ్చినవ్."

రాకేష్ మొహం ఎర్రబడింది. "నేను కరెక్ట్‌గా షోల్డర్ మీదే పెట్టాను. నువ్వు చూశావుగా, గన్ కదల్లేదు. సౌండ్ కూడా ఏదో తేడాగా వచ్చింది." జయరాజు వైపు తిరిగాడు. "ఏంటిది జయరాజు గారూ? మందు తక్కువ పడిందా?"

భుజం మీద గురి పెట్టి, అంత దూరంలో కాల్చితే గుండు సరిగ్గా మూరెడు దిగి ముందుకాలికి తగులుతుంది. ఇది లెక్క. తూటా చేయాల్సిందే చేసింది. జయరాజు నోటిదాకా ఈ మాట వచ్చింది. సోమవారం మీటింగ్ గుర్తొచ్చింది. రాకేష్ కళ్ళలో, జితేందర్ ముందు పడిన అవమానానికి ఒక దారి చూపించమని అడుగుతున్న చూపు ఉంది.

"అయ్యుండొచ్చు సార్," అన్నాడు. "ఒకదాంట్లో మందు తక్కువ పడి ఉంటుంది. పొరపాటు మాదే."

"అదీ సంగతి," అన్నాడు రాకేష్, తేలిగ్గా ఊపిరి వదిలి. "నేను అనుకున్నాను."

"గిట్లయితే ఎట్ల అంకుల్? మా అన్న ఇజ్జత్ పోయింది గదా," అన్నాడు జితేందర్.

జింక వెనకాల వెళ్ళాలని జయరాజు అన్నాడు. అంత దూరం నడవడం ఇద్దరికీ ఇష్టం లేకపోయింది. మీరు చూసి రండి, మేం ట్రక్కు దగ్గర ఉంటాం అన్నారు.

జయరాజు రాకేష్ కాల్చిన చోటు నుంచి మొదలుపెట్టి అంగలు లెక్కపెట్టుకుంటూ వాగు దిగి గట్టెక్కాడు. లెక్కపెట్టడం వల్ల ఇప్పుడు లాభం ఏమీ లేదని తెలుసు. అయినా పెట్టాడు. మొదటి నెత్తురు చుక్క దగ్గరికి మూడువందల పది అంగలు, దాదాపు మూడువందల గజాలు.

అక్కడి నుంచి జాడ మొదలైంది. ఇసుకలో మూడు గిట్టల ముద్రలు, నాలుగోదాని బదులు ఒక గీత. పొద దగ్గర ఎముక ముక్క, బియ్యపు గింజంత. ఒక చోట పడుకుని, ఇతని అలికిడికి లేచి వెళ్ళిన గుర్తు. ఇంకో చోట మళ్ళీ పడుకుని, మళ్ళీ లేచిన గుర్తు. రెండోసారి లేవడానికి ఎంత పెనుగులాడిందో నేల మీద రాసి ఉంది. తను తరుముతున్నకొద్దీ దాని బాధ పెరుగుతోందని జయరాజుకి అర్థమైంది. ఆగి, రాయి మీద గంటసేపు కూర్చున్నాడు. దెబ్బ తిన్న జంతువుని వదిలేస్తే పాపం, తరిమితే నరకం. ఆ రెండింటికీ మధ్య గంట కూర్చోవడమే మిగిలింది. వాటర్ బాటిల్ మూత తీసి, తాగకుండానే మళ్ళీ బిగించాడు.

పదకొండున్నరకి అది ఒక గుంటలో, ఎండిన గడ్డిలో పడుకుని కనిపించింది. నాలుక బయట ఉంది. విరిగిన కాలిని తనే నాకుతోంది. గాలి అటు నుంచి ఇటు వీస్తోంది కాబట్టి అతను వచ్చిన సంగతి దానికి తెలియలేదు. ఆ ఉదయమంతట్లో దానికి దక్కిన దయ అదొక్కటే. జయరాజు మోకాలి మీద కూర్చుని, ముప్ఫై గజాల్లోంచి, మెడ మొదట్లో కాల్చాడు. తల అలా గడ్డి మీదికి వాలిపోయింది.

చట్టం ప్రకారం చంపినవాడు తన ట్యాగ్ అనే వేట అనుమతి చీటీ దానికి కట్టాలి. ఏడాదికి ఒక్కటే ఇస్తారు. జయరాజు తేదీ దగ్గర కత్తితో గాటు పెట్టి తన ట్యాగ్ కొమ్ముకి కట్టాడు. ఈ ఏడాది అతని వేట అంతటితో సరి.

ఫోన్ చేస్తే ఇద్దరూ ట్రక్కుని కింది బాట దాకా తెచ్చి, మిగతాది నడిచి వచ్చారు. రాకేష్ కొమ్ములు చూసి మురిసిపోయాడు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో తల ఎత్తి పట్టుకుని, రైఫిల్ అడ్డంగా పెట్టుకున్నాడు.

"అంకుల్, మీరు జర పక్కకి జరగండి, ఫ్రేమ్‌ల పడుతున్నరు," అన్నాడు జితేందర్.

జయరాజు జరిగాడు.

"ఆ కాలు కనబడకుండా గడ్డి కప్పు," అన్నాడు రాకేష్.

ఫోటో అప్పటికప్పుడే గ్రూపులోకి వెళ్ళింది. ఫస్ట్ బక్, మొదటి మగజింక, అని రాకేష్ రాశాడు. తర్వాత కడుపు చీల్చి పేగులు తీసే పని వచ్చింది. రాకేష్ ముక్కు మూసుకుని వెనక్కి తగ్గాడు.

"మీరే కానివ్వండి జయరాజు గారూ. మీకు అలవాటేగా ఈ పనులు. మీవాళ్ళు అన్నీ తింటారు కదా."

జయరాజు కత్తి పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. వాళ్ళ నాన్న గుంటూరులో లెక్కల మాస్టారు. ఆ ఇంట్లో కోడిని కొయ్యాలన్నా పక్కింటివాళ్ళని పిలిచేవారు. అమెరికా వచ్చాక, యాభై ఏళ్ళు దగ్గరపడ్డాక, ఒక ముసలి వేటగాడు నేర్పితే నేర్చుకున్న పని ఇది. చంపినదాన్ని వృథా కానివ్వకూడదని నేర్చుకున్నాడు. చొక్కా చేతులు మడుచుకున్నాడు. పొట్ట లోపలి వెచ్చదనం చలికి మొద్దుబారిన వేళ్ళకి తగిలింది. వెనక వాళ్ళిద్దరూ ఎవరికి ఎన్ని లైకులు వచ్చాయో చూసుకుంటున్నారు.

మంగళవారం సాయంత్రం రాకేష్ ఇంటికి మాంసం తీసుకెళ్ళారు. సగం తనకి కావాలని, ముక్కలు చేసి కాగితాల్లో చుట్టి తెమ్మని మెసేజ్ పెట్టాడు. జింకని లాగిన దగ్గర నుంచి జయరాజు నడుము పట్టేసింది. అందుకని జెనిఫర్ కారు నడిపింది.

రాకేష్ భార్య నిధి తలుపు తీసి, పెట్టెలు చూసి, "గరాజ్‌లో ఫ్రీజర్ ఉంది అంకుల్. ఇంట్లోకి వద్దు, ఇవాళ మంగళవారం," అంది. జయరాజు చిన్న పెట్టె మోసుకుని చుట్టూ తిరిగి గరాజ్‌లోకి వెళ్ళాడు. పెద్దది తీసుకురావడానికి జెనిఫర్ కారు దగ్గర ఆగింది.

రాకేష్ లోపలి నుంచి వచ్చాడు. మెట్టు మీదే నిలబడ్డాడు.

"జయరాజు గారూ, మీకు నేనే చెప్పాలి. నిన్న మీటింగ్‌లో జెనిఫర్ పేరు వచ్చింది. నేనే హోల్డ్ చేయించాను."

"హోల్డ్ అంటే సార్?"

"అంటే... రిజెక్ట్ అనుకోండి. పర్సనల్‌గా తీసుకోకండి. మా ల్యాబ్‌లో మిల్లీగ్రామ్ తేడా వస్తే బ్యాచ్ మొత్తం పారబోయాలి. పేషెంట్ల ప్రాణాలు. మీరే ఒప్పుకున్నారు, మందు తక్కువ పడిందని. జిత్తు కూడా విన్నాడు. తూచింది ఎవరు? మీ చీటీ మీదే ఉంది. తెలిసి తెలిసి నేను ఎలా రికమెండ్ చేస్తాను?"

జయరాజు చేతిలో పెట్టె చల్లగా బరువుగా ఉంది. పొరపాటు మాదే అన్నప్పుడు ఆ మాట తన ఒక్కడి మీదే పడుతుందనుకున్నాడు. తన బల్ల దగ్గర తూచే చెయ్యి తనది కాదన్న సంగతి, తనే గొప్పగా చెప్పుకున్న సంగతి, సరిగ్గా ఆ క్షణంలోనే మర్చిపోయాడు.

"మందు తక్కువ పడలేదు సార్."

"మరి?"

"మీరు దూరం నుంచి కాల్చారు. మూడువందల పది అంగలు. నేను నడిచి లెక్కపెట్టాను."

రాకేష్ నవ్వలేదు, కోప్పడలేదు. జాలిపడ్డట్టు చూశాడు. "అయితే శనివారం అబద్ధం చెప్పారా?"

"చెప్పాను."

"ఎందుకు?"

జయరాజు దగ్గర జవాబు ఉంది. అది ఈ మనిషికి చెప్పే జవాబు కాదు.

"అప్పుడు చెప్పింది అబద్ధమైతే, ఇప్పుడు చెప్పేది నిజమని నాకెలా తెలుస్తుంది జయరాజు గారూ?"

"పెట్టెలో ఇంకా ఉన్నాయి కదా సార్. ఒక్కోటీ విప్పి మీ ల్యాబ్‌లోనే తూపించండి. ఏ ఒక్కదాంట్లో తేడా వచ్చినా..."

"మిగిలినవి బాగుంటే, కాల్చినది బాగున్నట్టా? అదెప్పుడో పొగైపోయింది. దాన్ని ఎవరు తూస్తారు?"

కాల్చిన తూటాని ఎవరూ తూచలేరు. వెనక అలికిడైంది. జెనిఫర్ పెద్ద పెట్టె గుండెలకి హత్తుకుని గరాజ్ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు.

రాకేష్ గొంతు సవరించుకున్నాడు. "హాయ్ జెనిఫర్. నథింగ్ పర్సనల్, ఓకే? ఇంకో ఆరు నెలలాగి అప్లై చెయ్యి." మళ్ళీ జయరాజు వైపు తిరిగి, గొంతు తగ్గించాడు. "అన్నట్టు, నా ట్యాగ్ ఇంకా వాడలేదుగా. శనివారం మళ్ళీ వెళ్తున్నాం. ఉన్నవాటికి తోడు ఇంకో ఇరవై అవే చేసి పెట్టండి. అదే మందు, అదే బరువు. రేంజ్‌లో బాగా పడ్డాయన్నారుగా. ఈసారి మీరే తూచండి, సరేనా?"

"చెయ్యను సార్," అన్నాడు జయరాజు.

"అలిగారా?"

"లేదు సార్. ఎవరి తుపాకీకి వాళ్ళే నింపుకోవాలి."

జెనిఫర్ ఫ్రీజర్ తెరిచింది. పొట్లాలు ఒకదాని మీద ఒకటి, పేర్లు పైకి కనబడేలా, తొందరపడకుండా సర్దింది. తండ్రి చేతిలోని పెట్టె కూడా తీసుకుని అవీ సర్దింది. మూత వేసి, గట్టిగా పడిందో లేదో ఒకసారి నొక్కి చూసింది.

"థాంక్యూ, అంకుల్," అంది. వెటకారం లేదు. అలా అనడమే ఆమెకి నేర్పారు.

జెనిఫర్ కారు నడుపుతోంది. వాన తుంపర మొదలైంది. వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"ఆ రౌండ్ కరెక్ట్‌గానే ఉందా, డాడీ?"

"ఉంది."

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"నా కోసం అన్నావా?"

"నీ కోసమే అనుకున్నాను."

జెనిఫర్ తల ఊపింది. కోపం వస్తే బాగుండుననిపించింది జయరాజుకి. కోపానికి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు.

"నువ్వు నా వర్క్ రాంగ్ అని చెప్పావ్," అంది, ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టు నెమ్మదిగా. "నాకు జాబ్ రావాలని."

ముందు ఎర్ర లైటు పడింది. కారు ఆపింది. అద్దం మీద చినుకులు ఎర్రగా మెరుస్తున్నాయి.

"అది ఎంతసేపు బతికింది? ఆ డీర్."

కొంచెంసేపు అని చెబుదామనుకున్నాడు. కూతురి వైపు చూశాడు. ఆమె రోడ్డు వైపే చూస్తోంది. స్టీరింగ్ మీద వేళ్ళు కదలకుండా ఉన్నాయి.

"నాలుగు గంటలు," అన్నాడు. "రెండుసార్లు పడుకుని లేచింది. నేను వెనకాల వెళ్ళబట్టే లేచింది. చివరికి చూసేసరికి విరిగిన కాలిని నాక్కుంటోంది."

లైటు పచ్చగా మారింది. జెనిఫర్ కారు కదిలించలేదు. మణికట్టుతో కళ్ళు తుడుచుకుంటోంది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. వెనకున్న కారువాడికి వాళ్ళెవరో తెలియదు. అతను హారన్ కొట్టలేదు. లైటు మళ్ళీ ఎర్రబడేదాకా అలాగే ఆగాడు.